గోడవైపు తిరిగే ఇస్సాకు

మూడు సెకన్ల లోపల మనిషి ఆగాలట. ఈ ముక్క కూతురి నోట ఎన్నిసార్లు విన్నాడో ఇస్సాకుకే తెలియదు. చూసేవాడు ఫోన్ మీద వేలు ఆడిస్తూ పోతుంటాడట, మొదటి మూడు సెకన్లలో ఆ వేలు ఆగకపోతే ఇక వీడియో మట్టికొట్టుకుపోయినట్టేనట. శాలిబండ సందు మొదట్లో తాళాల డబ్బా పెట్టుకుని ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చున్న మనిషి, ముక్కూ మొహం తెలియని ఎవడి వేలో ఆగడం కోసం చావీల గుత్తి పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, "ఏ తాళమన్న తేండ్రి!" అని అరవాలి. అరిచాడు కూడా. పదకొండుసార్లు అరిచాడు. నాలుగోసారి బస్సు హారన్ అడ్డం పడింది. తొమ్మిదోసారి అన్నీ కుదిరాయిగానీ ఇస్సాకు రెప్ప వేశాడు.

"బాపూ, రెప్ప కొట్టకు," అంది ప్రీతి.

"రెప్ప కొట్టకుంటే సచ్చిపోయిన అనుకుంటరు బిడ్డా," అన్నాడు ఇస్సాకు.

పక్క డబ్బాలో గడియారాలు బాగుచేసే యూసుఫ్ భాయ్, కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి మరీ నవ్వాడు. "ఇస్సాక్ భాయ్, హీరో బన్ గయే!" అన్నాడు. ఇస్సాకుకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న ఆకురాయి విసిరికొట్టేవాడే, మళ్లీ ఏరుకోవలసింది తనే కదా అని ఊరుకున్నాడు.

ప్రీతిని అనడానికి లేదు. మంచి పిల్ల. ఒక సోఫాల కంపెనీకి ఫోన్లలో బొమ్మలూ వీడియోలూ పెట్టే ఉద్యోగం చేస్తుంది. రోజూ రెండు బస్సులు మారి వెళ్లొస్తుంది. ఆ సోఫాలు అంత గొప్పవేమీ కావని ఆమే అంటుంది. పేరు ఆన్‌లైన్లో పడింది కాబట్టి జనం ఎగబడుతున్నారట. మరి తన తండ్రికి లేని పేరా? చాంద్రాయణగుట్ట వైపు కొత్తగా లేచిన ఫ్లాట్లలో తాళం ఇరుక్కుంటే, ఫోన్ నొక్కితే ఎవడో యూనిఫాం వేసుకుని వచ్చి, డ్రిల్లు పెట్టి తాళం కడుపు చీల్చి పోతున్నాడు. తన తండ్రేమో ఎండలో రేకు కింద కూర్చుని, రోజుకు నాలుగు సైకిల్ తాళాల కోసం ఎదురు చూస్తున్నాడు. ఆ కడుపుమంటతోనే మొదలుపెట్టింది. అది ఇస్సాకుకూ తెలుసు. తెలుసు కాబట్టే నోరెత్తలేకపోయాడు. బయటివాళ్లయితే తిట్టి పంపేవాడు.

ముందు పేరు మారింది. ఇస్సాకు అంటే గుర్తుండదని 'చావీ బాపు' అని పేజీ పెట్టింది. తరవాత చొక్కా మారింది. నూనె మరకల చొక్కా పనికిరాదట. నూనె మరక లేని చొక్కా వేసుకుని తాళాల పని చేసేవాడెవడో ఇస్సాకుకు ఎంత ఆలోచించినా తట్టలేదు. వారానికి నాలుగు వీడియోలు పడాల్సిందే, ఒక్కరోజు తప్పినా ఆ పేజీ వెనకబడి పోతుందట. ఎవరు వెనక్కి నెడతారో చెప్పమంటే, "అదే నెడతది బాపూ," అనేది. అదంటే ఏదో ఆమెకూ సరిగ్గా తెలిసినట్టు లేదు. పొద్దున్నే ఇంట్లో ఆడిషన్లలాగా మొదలయ్యేది లొల్లి. ఇస్సాకు భార్య లీలమ్మ, పొయ్యి మీద పప్పు పెట్టుకుని, "ఆదివారం చర్చిలో గూడ అందరు నన్నే అడుగుతున్నరు, చావీ బాపు ఇంట్ల గిట్లనే అరుస్తడా అని," అనేది. ఇంట్లో అరవడానికి ఇస్సాకుకు ఓపిక ఎక్కడ మిగిలింది కనుక!

ఇంత చేసినా చూసేవాళ్లు రెండొందలు దాటలేదు. అందులో సగం చుట్టాలే.

"నీ తాన ఏదో ఒకటి వేరే ఎవ్వల దగ్గర లేనిది ఉండాలె బాపూ," అని ఒకరోజు ప్రీతి గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుంది. "గదే బ్రాండ్ అంటే. తాళాలు అందరు తెరుస్తరు. నువ్వేం చేస్తవ్ వేరేగ?"

ఇస్సాకు కాసేపు ఆలోచించాడు. "నేనేం చేస్త? తెరిచినంక గోడ దిక్కు తిరుగుత," అన్నాడు.

ప్రీతి లేచి నిలబడింది.

ఇది ఇస్సాకుకు పని నేర్పిన ఉస్తాద్ మహబూబ్ సాబ్ పెట్టిన పద్ధతి. ఒకరింట్లో బీరువాగానీ పెట్టెగానీ తెరవాలంటే, ముందు ఆ వాడకట్టు మనుషులు ఇద్దరు గుమ్మంలో నిలబడాలి, ఇది ఫలానావాళ్లదే, తెరవమన్నది వాళ్లే అని. తాళం టక్కుమనగానే ఆ ఇద్దరూ బయటికి వెళ్లిపోతారు. తాళం తెరిచినవాడు తలుపు లాగకూడదు. వెంటనే వెనక్కి తిరిగి, ఎదురుగోడ వైపు మొహం పెట్టి నిలబడాలి. సొంతదారు తలుపు తీసుకుని, చూసుకుని, మూసుకుని, "అయింది" అన్నాకే ఇటు తిరగాలి. ఇస్సాకు ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా ఈ పద్ధతి తప్పలేదు. పక్క సందు సుశీలమ్మ అత్తగారి పెట్టె తెరిచినప్పుడు ఆవిడ లోపల వెతుక్కుంటూ ముప్పావుగంట మరిచిపోతే, ముప్పావుగంటా గోడకున్న క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాడు. ఏ ఇంట్లో ఏముందో తెలియని చావీవాలా కాబట్టే, అతను ఏ ఇంట్లోకి వెళ్లినా ఆడవాళ్లు తలుపు దగ్గర కాపలా కాసేవాళ్లు కాదు. అతని ఆస్తి అదొక్కటే. అది పోతే మిగిలేది ఇనుప తుక్కు.

"గదే బాపూ! గంతే!" అని ప్రీతి గంతులేసింది. "గదే చూపెడదాం. ముప్పై ఏండ్ల సంది లోపలికి చూడని మనిషి!"

ఇస్సాకుకు ఈసారి మాత్రం చిరాకు కలగలేదు. ఇన్నాళ్లకు ఈ పిల్ల తన పనిలో పనికొచ్చే ముక్క ఒకటి పట్టుకుందనిపించింది. అక్కడే మోసపోయాడు.

ఆ వారంలోనే జగన్నాథరావుగారి బీరువా తాళంలో చావీ విరిగింది. జగన్నాథరావుది ఆ సందులోనే మూడో ఇల్లు. గుంటూరు వైపు నుంచి నలభై ఏళ్ల కిందట ఉద్యోగం మీద వచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయిన పెద్దమనిషి. కొడుకు సాయికృష్ణ, కోడలు హరిప్రియ ఇద్దరూ ఆఫీసులకు పోతారు. ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, యూసుఫ్ భాయ్ డబ్బా ముందు బల్ల మీద పేపరు. నడక కూడా కొలిచినట్టుంటుంది. ప్రీతి ఉద్యోగానికి పెట్టిన మొదటి దరఖాస్తు దిద్దింది ఆయనే. ఆ చనువుతోనే ప్రీతి అడిగింది.

"సార్, బాపు మీద చిన్న వీడియో తీస్తున్న. మీరు పడరు. బాపు మొహం ఒక్కటే పడుతది."

"నేను పడనంటే నాకేం అభ్యంతరమమ్మా? తీసుకో," అన్నాడాయన. ఆయనకు ఆ రోజు బీరువా తెరుచుకోవడమే ముఖ్యం. కొడుకూ కోడలూ వచ్చేలోపు తెరుచుకోవాలని రెండుసార్లు అన్నాడు. ఎందుకో ఇస్సాకు అడగలేదు. అడగడం కూడా పద్ధతి కాదు.

యూసుఫ్ భాయ్, ఎదురింటి నీలమ్మ గుమ్మంలో నిలబడ్డారు. ప్రీతి ఎదురుగోడ కిటికీ గూట్లో చిన్న స్టాండు పెట్టి, దానికి ఫోన్ తగిలించి, వీడియో మొదలుపెట్టింది. తండ్రి ఎటు తిరుగుతాడో ఆమెకు తెలుసు కదా, సరిగ్గా ఆ గోడకే పెట్టింది. ఇస్సాకు విరిగిన ముక్క లాగి, సన్నటి తీగ ఆడించాడు. తాళం టక్కుమంది. యూసుఫ్ భాయ్, నీలమ్మ వెళ్లిపోయారు. ప్రీతి కూడా బయటికి నడిచింది, తండ్రి పద్ధతి తను మాత్రం తప్పుతుందా! ఇస్సాకు వెనక్కి తిరిగి గోడ వైపు మొహం పెట్టాడు. అక్కడ ఫోన్ ఉంది. నేర్పిన ముక్క దానికే చెప్పాడు. "నేను ఇస్సాకు. ముప్పై ఒక్క ఏండ్ల సంది తాళాలు తెరుస్తున్న. ఒక్కసారి గూడ లోపలికి చూడలే." రెప్ప కూడా కొట్టలేదు. ఒక్కసారికే కుదిరింది.

అతను అక్కడ నిలబడి ఉండగానే వెనక బీరువా తలుపు కిర్రుమంది, ఏదో మెత్తటిది కింద పడ్డ చప్పుడయింది, పెద్దాయన వంగుతూ మూలిగాడు. కాసేపటికి "అయిందయ్యా" అన్నాడు. ఇస్సాకు తిరిగాడు. తలుపు మూసి ఉంది. కొత్త చావీ అరగదీసి ఇచ్చి వచ్చేశాడు.

ప్రీతి ఆ వీడియో మీద నాలుగు గంటలు కూర్చుంది. తండ్రి మొహం ఎంత బాగా పడిందంటే, చూస్తూ చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్ల తండ్రి మొహమే చూసింది. ఆ మొహం పక్కన, భుజం మీదుగా, వెనక ఏం పడిందో చూడలేదు.

మర్నాటికి లక్ష దాటింది. మూడో రోజుకు ఆరు లక్షలు. ఇస్సాకు ఫోన్ ఆగకుండా మోగింది. ఎక్కడెక్కడివాళ్లో, తాళం పోయినవాళ్లు ఒక్కరు లేరు, అందరూ "మీరేనా అన్నా?" అని అడిగి, అవునంటే సంతోషించి పెట్టేసేవాళ్లే. మలక్‌పేట నుంచి ఒకడు బైకు మీద వచ్చి, ఇస్సాకు భుజం మీద చేయి వేసి ఫొటో దిగి, చావీ చేయించుకోకుండానే వెళ్లిపోయాడు. ఇదేం గొప్ప, ఇదేం పేరు! అప్పుడు కూడా ఇస్సాకు చిరాకు పడ్డాడే తప్ప ఫికర్ పడలేదు.

నాలుగో రోజు ప్రీతి ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. మొహంలో నెత్తురు లేదు. తల్లిని లోపలికి తీసుకుపోయి ఫోన్ చూపించింది. లీలమ్మ "అయ్యో యేసయ్యా" అనడం ఇస్సాకుకు వినపడింది.

వీడియో కింద జనం రాసిన మాటలు వేలున్నాయి. మొదట్లో అన్నీ మెచ్చుకోళ్లే. తరవాత ఎవడో రాశాడు, 'వెనకాల చూడండి' అని. ఇంకొకడు, ఎక్కడ ఆపి చూడాలో సెకనుతో సహా రాశాడు. అక్కడి నుంచి వరసగా నవ్వే బొమ్మలు. అక్కడ ఆపితే బీరువా తలుపు బార్లా తెరిచి ఉంటుంది. లోపల రెండు అరల నిండా పెద్దవాళ్లు వేసుకునే డైపర్ల ప్యాకెట్లు. ఒకటి కింద పడితే, జగన్నాథరావు నడుం మీద చేయి పెట్టుకుని వంగి తీసుకుంటున్నాడు. ఆయన మొహం పక్క నుంచి స్పష్టంగా పడింది. ఆ ఇస్త్రీ చొక్కా కూడా.

కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు. సందులో ఎవరూ చూడకూడదని యాకుత్‌పురా స్టేషన్ దాకా పోయి, అక్కడి మందుల దుకాణంలో కొని, గుడ్డ సంచీలో పెట్టుకుని తెచ్చుకునేవాడట. ఇది హరిప్రియే ఫోన్ చేసి చెప్పింది. తిట్టనుకూడా తిట్టలేదు. "మావయ్యగారు రెండు రోజులుగా గదిలోంచి రావడం లేదు ప్రీతీ. నువ్వు అది తీసెయ్యి," అంది.

తీసేసింది. తీసేస్తే ఏమవుతుంది? అప్పటికే ఎవడో దాన్ని కత్తిరించి, పాట తగిలించి, వేరే పేజీలో పెట్టుకున్నాడు. వాడికి రాస్తే బదులు లేదు. ఇంకొకడు, ఇంకొకడు. ఇస్సాకు తెరవలేని తాళం ఉండదేమో గానీ, మూయలేని తలుపొకటి ఉంటుందని అతనికి ఆ వారమే తెలిసింది.

"ఒక్కసారి చూడు బాపూ, నేనేం తప్పు చేసిన్నో నీకు అర్థమైతది," అని ప్రీతి ఏడుస్తూ ఫోన్ ముందు పెట్టింది.

"నేను చూడ," అన్నాడు ఇస్సాకు, గోడ వైపు తిరిగి. "నువ్వు చేసింది గాదు. నిన్ను గా గోడకు ఫోన్ పెట్టనిచ్చింది నేను. తలకాయ నాకు ఉండాలె. నేను లోపలికి చూడ అని ఊరికి చెప్పుకునుడెందుకు? చెప్పుకుంట తిరిగితే గది పద్ధతి ఎట్లైతది?"

జగన్నాథరావు ఇంటికి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ సాయికృష్ణే గుమ్మంలో నిలబడి, "నాన్నగారు పడుకున్నారండీ," అన్నాడు. ఎప్పుడూ 'ఇస్సాకూ' అని పిలిచే కుర్రవాడు 'అండీ' అనేసరికి ఇస్సాకుకు ఏడుపొచ్చింది. యూసుఫ్ భాయ్ బల్ల మీద పేపరు మడత విప్పకుండా పడి ఉండేది.

సందు కూడా మారింది. నీలమ్మ ఇంట్లో ట్రంకుపెట్టె తాళం పట్టేస్తే పిలిచింది. గుమ్మంలోనే ఆపి, చొక్కా జేబు వైపు చూసి, "ఫోన్ ఈడ్నే పెట్టి రా అన్నా, ఏమనుకోకు," అంది. ఏమనుకోకుండా ఎలా ఉంటాడు? ఫోన్ గడప మీద పెట్టాడు. తెరిచి గోడ వైపు తిరిగితే, ఆమె ఆ గోడకేసి, అక్కడున్న మేకుకేసి, క్యాలెండర్‌కేసి అనుమానంగా చూడడం అతని పక్క చూపుకు తెలుస్తూనే ఉంది. దొంగతనం చేసి దొరికినా ఇంత సిగ్గుపడేవాడు కాడు. అంతలో గడప మీద ఫోన్ మోగింది. ఎవడో, "చావీ బాపు గారూ, తరవాతి రీల్ ఎప్పుడు?" అని. వాడి నోట్లో మట్టి పడ!

ఇరవై రోజులు గడిచాక, ఒక పొద్దున పదకొండింటికి డబ్బా ముందు గొడుగు నీడ పడింది. ఇస్సాకు తలెత్తాడు. జగన్నాథరావు. చొక్కాకు ఇస్త్రీ లేదు.

"ఏవయ్యా, బీరువాకి తాళం తీసేయాలి. వస్తావా?" అన్నాడు.

"కొత్తది ఏసుడా సార్?"

"కొత్తదెందుకు? తీసేయమంటున్నాను. తాళం వేసి దాచుకునేందుకు ఇంకేముంది అందులో?"

యూసుఫ్ భాయ్ తల వంచుకుని గడియారంలోకి చూస్తున్నాడు. ఇస్సాకు ఫోన్ అతని డబ్బాలో పెట్టి, సామాన్ల సంచీ తీసుకుని పెద్దాయన వెనక నడిచాడు. ఈసారి గుమ్మంలో ఎవరినీ నిలబెట్టలేదు. జగన్నాథరావే జేబులోంచి చావీ తీసి బీరువా తెరిచాడు. తలుపు కిర్రుమనేలోపే ఇస్సాకు గోడ వైపు తిరిగిపోయాడు. కిటికీ గూట్లో, స్టాండు పెట్టిన చోట, దుమ్ములో మూడు చుక్కలు ఇంకా ఉన్నాయి.

"తప్పు నాది సార్," అన్నాడు గోడతోనే. "మూడుసార్లు వచ్చిన చెప్పుదామని."

"తెలుసు. లోపల్నుంచి విన్నాను. నీ తప్పు కాదని నేననను. ఇటు తిరుగు."

ఇస్సాకు తిరగలేదు.

"తిరగవయ్యా బాబూ! ఆ తాళం మరలు తలుపు లోపలి వైపు ఉన్నాయి. తలుపు తెరిచి చూస్తేగానీ ఊడదు. ఆరు లక్షల మంది చూశారు. నా కొడుకు చూశాడు, కోడలు చూసింది, గుంటూరులో మా తమ్ముడి మనవలు కూడా చూశారట. నీకెందుకీ నాటకం? నువ్వూ చూసే ఉంటావు."

"విన్న సార్. చూడలే."

"ఫోన్లో కూడానా?"

"నా బిడ్డ ముందట పెట్టింది. చూడలే."

పెద్దాయన మంచం మీద కూర్చున్నట్టు నులక కిరకిరలాడింది. ఆయన ఏడుస్తున్నాడో, మామూలుగానే కూర్చున్నాడో తెలియలేదు. తెలుసుకోవాలంటే తిరగాలి.

"సార్," అన్నాడు చివరికి, "తాళం లేకుంట బీరువ నేను ఇడువ. మీరు తలుపు మూసుకోండ్రి. పాతది బయటి దిక్కు నుంచే కోస్త, గుంజుతా, కొత్తది బయటి నుంచే ఏస్త. మస్తు టైం పడుతది. సాయంత్రం అయినా సరే. తలుపు మాత్రం తెరవనియ్య."

"ఎందుకయ్యా ఇదంతా?"

"మీ బీరువా సార్ అది."

ఇస్సాకు గూట్లోని దుమ్ము చూస్తూ నిలబడ్డాడు. మూడు చుక్కలనూ బొటనవేలితో తుడిచేశాడు. సుశీలమ్మ అత్తగారి ముప్పావుగంట కన్నా ఎక్కువే అనిపించింది. కాళ్లు లాగుతున్నాయి. ఏ సందులో ఏ ఫోన్లో ఆ బీరువా ఇంకా తెరుచుకునే ఉందో, ఎవరు నవ్వుతున్నారో అతనికి తెలియదు, ఇక ఎప్పటికీ తన చేతిలో లేదు. తన చేతిలో ఉన్నది ఈ ఒక్క గోడ.

చాలాసేపటికి మంచం కిరకిరలాడింది. నాలుగడుగులు నడిచిన చప్పుడయింది. ఇనప తలుపు మెల్లగా, పూర్తిగా, మూసుకుంది.

"అయిందయ్యా," అన్నాడు జగన్నాథరావు.

ఇస్సాకు అప్పుడు తిరిగాడు.